ఆగిన రోజు లెక్క: సైకిలుకు మోటారు కిట్టు ఎంచుకునే ముందు

హిందూపురంలో గానీ ధర్మవరంలో గానీ సైకిలు షాపుకి పోయి మోటారు కిట్టు సంగతి ఎత్తినవాళ్ళు మొదట అడిగేది ఒకటే మాట: "ఏ కంపెనీది మంచిదన్నా?" అడగడంలో తప్పులేదు. ఫ్యానుకైనా మిక్సీకైనా అలాగే అడుగుతాం. కానీ ఈ సరుకు దగ్గర ఆ ప్రశ్న పనిచేయదు. ఆన్‌లైన్లో దొరికే పెట్రోలు కిట్లు చాలావరకు చైనాలో ఒకే నమూనా మీద పోతపోసినవి. డబ్బా మీద స్టిక్కరు మారుతుంది, లోపలి పిస్టను మారదు. ఈ ఏడాది ఒక పేరుతో అమ్మినవాడు వచ్చే ఏడాది ఇంకో పేరుతో అమ్ముతాడు. అలాంటప్పుడు కంపెనీ పేరు పట్టుకుని వేలాడితే ఏం లాభం?

ఆగని ఇంజను ఎక్కడా లేదు. ఆగిన రోజు సాయంత్రానికే మళ్ళీ నడిచేదాన్నే నమ్మకమైనదనాలి. కాబట్టి కొనేముందు ఊహించుకోవలసింది అది జోరుగా పరిగెత్తే రోజును కాదు. ఆ రోజును వీడియోలో అమ్మేవాడే చూపిస్తాడు. మే నెల మధ్యాహ్నం లేపాక్షి నుంచి వస్తూ, వెనక క్యారియరు మీద బరువు పెట్టుకుని, హిందూపురం ఇంకా ఏడెనిమిది కిలోమీటర్లుందనగా బండి ఆగిపోయిందనుకోండి. అప్పుడు ఏం చేస్తారు? దానికి జవాబు దొరికే కిట్టే కొనండి.

ఇంజను పెట్టిన సైకిలు మన సీమకు కొత్తదేం కాదు. తిరుపతిలో మోపెడ్స్ ఇండియా లిమిటెడ్ ఫ్రాన్సు దేశపు మోటొబెకాన్ సాంకేతికతతో సువేగ మోపెడ్లు తయారుచేసింది. 1972లో లూనా వచ్చింది, 1980లో హోసూరు నుంచి టీవీఎస్ 50 దిగింది. మూడింటికీ పెడళ్ళున్నాయి. అంటే మూడూ ఫ్యాక్టరీలో పుట్టిన మోటారు సైకిళ్ళే. పాల క్యాన్లు, మేత మోపులు, చీరల మూటలు వాటి మీద ఏళ్ళ తరబడి తిరిగాయి. అవి చెడిపోక కాదు. ప్లగ్గు, కేబులు, రింగులు పల్లెల్లో కూడా దొరికేవి, విప్పి బిగించే చేతులు ప్రతి సంతలోనూ ఉండేవి.

పెద్ద ఫ్యాక్టరీలూ ఇదే లెక్క మీద నడుస్తాయి. పెనుకొండ పక్కన ఎర్రమంచి దగ్గర కియా ప్లాంటు 2019లో కార్లు తీయడం మొదలుపెట్టింది. మొదట్లో ఏడాదికి 3 లక్షల కార్లు చేయగల సామర్థ్యం దానిది. దాని వెంటే విడిభాగాలు చేసే కంపెనీలు కూడా వచ్చి అదే చుట్టుపక్కల దిగాయి. ఒక్క భాగం రావడం ఆలస్యమైతే మొత్తం లైను నిలబడిపోతుందని వాళ్ళకు తెలుసు. కొరియా కంపెనీ అంత జాగ్రత్త పడినప్పుడు, రోజు కూలి సైకిలు మీదే ఆధారపడ్డ మనిషి స్పేరు ఎక్కడ దొరుకుతుందో కనుక్కోకుండా డబ్బు కట్టేయడమేమిటి?

కిట్ల బొమ్మలు చూడకముందే ఒక కాగితం మీద మీ దారి రాసుకోండి. రోజూ ఎంత దూరం, ఎంత బరువు, ఎక్కడ మిట్ట, ఎక్కడ వంక, ఎక్కడ హైవే. పెనుకొండ దగ్గర 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కాల్సిన దారైతే అక్కడే ఆగి ఆలోచించండి. లారీలు, బస్సులు దూసుకుపోయే రోడ్డు మీద పాతిక కిలోమీటర్ల వేగంతో పోయే సైకిలుకు చోటు లేదు. సర్వీసు రోడ్డో, ఊరి దారో ఉంటేనే ముందుకు పోండి. హిందూపురం నుంచి పెనుకొండకు, పెనుకొండ నుంచి ధర్మవరానికి రోజూ పోయి రావడానికి రైళ్ళున్నాయి, బస్సులున్నాయి. కిట్టు ఆ పనికి కాదు. ఊరి నుంచి టౌనుకి, ఇంటి నుంచి మగ్గం షెడ్డుకి, తూముకుంట ఫ్యాక్టరీల్లో షిఫ్టుకి... పోయేటప్పుడు పది, వచ్చేటప్పుడు పది కిలోమీటర్లు. అది దాని రాజ్యం.

ఇక చట్టం. దీని గురించి చాలామంది అమ్మకందార్లు నోరెత్తరు గనుక కాస్త విడమరిచి చెప్పాలి. 1988 మోటారు వాహనాల చట్టం సెక్షన్ 2(28) ప్రకారం, నాలుగు చక్రాల కంటే తక్కువున్న బండికి 25 సీసీ మించని ఇంజను ఉంటే అది మోటారు వాహనం కిందికి రాదు. 25 దాటితే వస్తుంది. వచ్చిందంటే రిజిస్ట్రేషను, ఇన్సూరెన్సు, లైసెన్సు అన్నీ కావాలి. షెడ్డులో బిగించిన సైకిలుకు రిజిస్ట్రేషను చేయించడం మామూలు మనిషి వల్ల అయ్యే పని కాదు.

అమ్మేవాళ్ళు '48 సీసీ', '80 సీసీ' అని చెప్పే రెండు రకాలూ ఈ గీతకు అవతలే ఉన్నాయి. అందులోనూ '80' అనేది చాలావరకు గొప్ప కోసం పెట్టిన అంకె. సిలిండరు లోపలి వెడల్పు 47 మిల్లీమీటర్లు, పిస్టను నడిచే దూరం 38 అని కాగితంలో ఉంటే మీరే లెక్క కట్టుకోవచ్చు: 4.7ను 4.7తో, దాన్ని 0.785తో, మళ్ళీ 3.8తో గుణించండి. దాదాపు 66 వస్తుంది. 40 మిల్లీమీటర్ల వెడల్పుదైతే 48 లోపే. కొలతలు అడిగితే చెప్పలేని అమ్మకందారు, సీసీ ఎంత చెప్పినా నమ్మకండి.

బ్యాటరీ కిట్టుకు వేరే గీత ఉంది. మోటారు శక్తి 250 వాట్ల లోపు, వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు ఉండాలి. దాన్ని ప్రభుత్వం గుర్తించిన పరీక్షా సంస్థ సరిచూసి ఉండాలి. పుణెలోని ఏఆర్ఏఐ అలాంటిది. '350 వాట్లు, అయినా ఏం కాదులే అన్నా' అనే మాటకు స్టేషన్లో విలువ ఉండదు. ఇంటర్ చదివే పిల్లాడు ముచ్చటపడి అడుగుతున్నాడని 66 సీసీ కిట్టు కొనిచ్చే తండ్రులకు ఇంకో మాట: 2019లో చేర్చిన సెక్షన్ 199ఎ ప్రకారం మైనరు మోటారు వాహనం నడిపి నేరం చేస్తే తల్లిదండ్రులకో బండి ఓనరుకో 25 వేల జరిమానా, మూడేళ్ళ దాకా జైలు. పిల్లవాడి ముచ్చట తీర్చడానికి వేరే దారులున్నాయి.

పెట్రోలుతోనే కావాలంటే 25 సీసీ లోపు ఫోర్‌స్ట్రోక్ ఇంజను చూడండి. రైతులు వీపున తగిలించుకునే పవర్ స్ప్రేయర్లలో, గడ్డి కోసే యంత్రాల్లో ఉండేలాంటిది. శక్తి తక్కువే, మిట్ట ఎక్కేటప్పుడు మీరూ తొక్కాలి. కానీ వ్యవసాయ పనిముట్ల షాపులో దాని కార్బొరేటరు, లాగే తాడు, ప్లగ్గు దొరుకుతాయి, బాగుచేసే మనిషీ అక్కడే ఉంటాడు. ఆగిన రోజు లెక్కలో చూస్తే, దూరం నుంచి పార్సిల్లో వచ్చిన 66 సీసీ కంటే ఇది మేలు. పైగా నూనె కలిపే బాధ లేదు. ఒకటి మాత్రం చూసుకోండి: ఈ ఇంజన్లలో 35 సీసీవీ ఉన్నాయి. పైకి చూస్తే రెండూ ఒకలాగే ఉంటాయి.

టూస్ట్రోక్ కిట్టుకు నూనె కొలత చాలా ముఖ్యం. కొత్తలో లీటరు పెట్రోలుకు 60 మిల్లీలీటర్ల దాకా, నలిగిన తర్వాత 40 దగ్గర టూటీ ఆయిలు కలపమని ఈ కిట్ల కాగితాలు చెబుతాయి. పాత మోపెడ్ అలవాటుతో 20 పోసి సరిపెడితే, మన ఎండకు పిస్టను పట్టేస్తుంది. ఎంత కలిపామో గుర్తులేక మళ్ళీ కొంచెం పోసేవాళ్ళ ప్లగ్గు మసిబారి ఆగుతుంది. రెండు రకాల తప్పూ రోజువారీ ప్రయాణంలో తప్పనిసరిగా జరుగుతుంది. అందుకే ఈ కిట్లను రోజూ పనికి పోయేవాళ్ళకు నేను చెప్పను. ఆదివారం విప్పి బిగించుకుంటూ సంతోషపడేవాళ్ళ సరుకు ఇది.

ఇప్పుడు అసలు సంగతికొద్దాం. కిట్టు డబ్బాలో లేనిది, అయినా కిట్టును చెడగొట్టేది: మీ సైకిలు వెనక చక్రం.

నల్ల హీరో, అట్లాస్ సైకిళ్ళకు ముందు చక్రానికి 32 పుల్లలు, వెనక 40. చైనా పెట్రోలు కిట్టులో వెనక చక్రానికి బిగించే పెద్ద పళ్ళచక్రం 36 పుల్లల చక్రం కోసం చేసింది. దానికి తొమ్మిది బోల్టులు, మధ్యలో రబ్బరు బిళ్ళలు. 36ను తొమ్మిదితో భాగిస్తే ప్రతి బోల్టు మధ్యా సరిగ్గా నాలుగు పుల్లలు. 40కి ఆ లెక్క కుదరదు. కొన్ని బోల్టులు పుల్లకు అడ్డం వస్తాయి. అప్పుడు మెకానిక్ ఏం చేస్తాడు? పుల్ల కొంచెం వంచుతాడు, లేదా రెండు బోల్టులు వదిలేస్తాడు. పళ్ళచక్రం నడిమధ్య నుంచి ఒక మూలకు జరుగుతుంది. చైను ఒకచోట బిగుతు, ఇంకోచోట వదులు. పదిరోజుల్లో పుల్లలు తెగడం మొదలు. ఏదో ఒక రోజు చైను జారి పుల్లల్లో ఇరుక్కుంటే చక్రం ఉన్నపళాన పట్టేస్తుంది, మనిషి హ్యాండిలు మీదుగా ఎగిరి పడతాడు. ఇంజను చెడిందని తిట్టుకునే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఇక్కడుంటుంది.

దీనికి విరుగుడు ఉంది, ఖరీదూ పెద్దది కాదు. 36 పుల్లల వెనక చక్రం వేరేగా కట్టించుకోండి, మందపాటి 12 గేజి పుల్లలు వేయించండి. లేదా పుల్లలను ముట్టకుండా నడిమి హబ్బునే పట్టుకునే బిగింపు దొరికితే అది తీసుకోండి, కావాలంటే లేతు పనివాళ్ళ దగ్గర చేయించండి. ఇంజను ధరలో బేరమాడి మిగిల్చిన డబ్బు ఇక్కడ పెట్టండి.

బ్యాటరీ కిట్టుకూ ఇదే తిరకాసు ఇంకో రూపంలో ఎదురవుతుంది. హబ్బు మోటార్లు ఎక్కువగా 36 రంధ్రాలతో వస్తాయి, చక్రంతో సహా కొంటే 26 అంగుళాల సైజులో దొరుకుతాయి. నల్ల సైకిలుది 28 అంగుళాల చక్రం. ముందు ఫోర్కులో 26 దూర్చితే దూరుతుంది, కానీ బ్రేకు కట్టెలు రిమ్మును అందుకోవు. అంటే బ్రేకు లేని ముందు చక్రం. అలా తిరుగుతున్నవాళ్ళూ ఉన్నారు!

బ్రేకు గురించి రెండు ముక్కలు ఎక్కువే చెప్పాలి. కడ్డీ బ్రేకులు తొక్కుడు వేగానికి చేసినవి. మనిషి తొక్కితే గంటకు పదిహేను, పదహారు కిలోమీటర్లు. ఇంజను పెడితే ముప్ఫై ఐదు దాకా పోతుంది. వేగం రెట్టింపైతే ఆపడానికి కావాల్సిన శక్తి నాలుగింతలవుతుంది, రెండింతలు కాదు. వానలో రిమ్ము తడిసిందంటే ఆ రబ్బరు ముక్కలు జారుతూనే ఉంటాయి. కాబట్టి కిట్టు కంటే ముందు బ్రేకు కొనండి. నల్ల సైకిలు మీద మమకారం వదులుకోగలిగితే, డిస్కు బ్రేకులున్న ఉక్కు ఫ్రేము 26 అంగుళాల సైకిలు తీసుకుని, దానికి 250 వాట్ల మోటారు పెట్టించుకోండి. వాటికి సాధారణంగా రెండు చక్రాలకూ 36 పుల్లలే. మోటారు హబ్బుకు డిస్కు బిగించే ఆరు రంధ్రాలున్నాయో లేదో చూసుకుని కొంటే చాలు. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం, ఈ మూడు ఊళ్ళ దారులకు నా ఓటు దీనికే.

మోటార్లలో రెండు రకాలు. లోపల పళ్ళున్నది చిన్నగా ఉంటుంది, కరెంటు లేనప్పుడు చక్రం తేలిగ్గా తిరుగుతుంది. పళ్ళు లేనిది పెద్దది, బరువైనది, కరెంటు పోతే అయస్కాంతం వెనక్కి లాగుతుంటుంది. షాపులో చక్రం చేత్తో తిప్పి చూడండి. ఆగిన రోజు మీరు తొక్కాల్సింది ఆ బరువునే. ఇరుసు ఫోర్కులో తిరిగిపోకుండా పట్టే ఉక్కు పట్టీ కూడా అడిగి తీసుకోండి. అల్యూమినియం ఫోర్కయితే అది లేకుండా బిగించనివ్వకండి.

సర్కారు తుమ్మ ముళ్ళ గురించి భయపడక్కర్లేదు. మన పంక్చరు షాపుల్లో చక్రం విప్పరు, టైరు ఒక పక్క లేపి ట్యూబు బయటికి లాగి అతికేస్తారు. హబ్బు మోటారున్నా అలాగే కుదురుతుంది. ట్యూబు మార్చాల్సి వస్తేనే వైరు ఊడదీయాలి. అందుకే మోటారు వైరుకు చక్రం దగ్గర్లోనే నీళ్ళు పోని ప్లగ్గు ఉన్న కిట్టు చూడండి. నేరుగా కంట్రోలరు (మోటారుకు కరెంటు అందించే పెట్టె) దాకా ఒకే వైరు ఉన్నదైతే టైరు మార్చిన ప్రతిసారీ ఎలక్ట్రీషియన్ను వెతకాలి. వంక దాటే దారైతే కంట్రోలరు పెట్టెను సీటు కింద, పైకి బిగించుకోండి.

బ్యాటరీ మీద రాసిన అంకెలు గుణించడం నేర్చుకోండి. 36 వోల్టులు, 10 ఆంపియర్ అవర్ అంటే 360 వాట్ అవర్. కొంచెం తొక్కుతూ పోతే కిలోమీటరుకు పది నుంచి పదిహేను ఖర్చు. పాతిక, ముప్ఫై కిలోమీటర్లు వస్తుంది. అమ్మేవాడు యాభై అంటే, అందులో సగం మీ కాళ్ళు తొక్కుతాయని అర్థం. మిట్టలు దీన్ని ఇంకా తగ్గిస్తాయి. హిందూపురం సముద్రమట్టానికి దాదాపు 600 మీటర్ల ఎత్తున ఉంది, ధర్మవరం 350 దగ్గర. మనిషీ సైకిలూ కలిపి వంద కిలోలు ఆ 250 మీటర్లు ఎక్కాలంటే ఎత్తుకే దాదాపు 70 వాట్ అవర్ కావాలి. మోటారులో వృథా అయ్యేది వేరే. కరెంటు బిల్లు గురించి మాత్రం బెంగ వద్దు, నిండా ఛార్జి చేసినా అర యూనిట్టుకు మించదు.

మన ఎండకు లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం బ్యాటరీ మంచిది. బరువు కొంచెం ఎక్కువ, వేడికి తట్టుకుంటుంది, ఎక్కువసార్లు ఛార్జింగ్‌కు ఓర్చుకుంటుంది. దాని ఛార్జరు వేరే, మామూలు లిథియం అయాన్ ఛార్జరు వేరే. ప్లగ్గు సరిపోయిందని మార్చి పెట్టకండి. మధ్యాహ్నం ఎండలో వచ్చిన బ్యాటరీని చల్లారనిచ్చి పెట్టండి, పడుకునే గదిలో అసలే వద్దు. 2022 ఏప్రిల్‌లో విజయవాడలో ఇంట్లో ఛార్జింగ్ పెట్టిన స్కూటరు బ్యాటరీ రాత్రి పేలి ఒక మనిషి ప్రాణం పోయింది.

ఇంత తెలుసుకున్నాక షాపుకి పోండి. ధర అడగడం చివర్లో. మొదట ఇలా మాట్లాడాలి:

"అన్నా, కంట్రోలరు పోతే యాడ దొరుకుతుంది?"

"బెంగళూరు నుంచి తెప్పిస్తాలేప్పా."

"ఎన్ని దినాలు పడుతుంది?"

"వారం, పది దినాలు."

"అంతవరకు?"

"అంతవరకు తొక్కుకోవల్ల, ఏం జేస్తావ్!"

నిజానికి ఇది మంచి షాపతను చెప్పే జవాబు. 'మా కంట్రోలరు పోనేపోదు' అన్నవాడి దగ్గర నుంచి మెల్లగా బయటికి వచ్చేయండి. పది దినాలన్నవాణ్ణి ఇంకో ప్రశ్న అడగండి: ఇదే కిట్టు ఈ ఊళ్ళో ఇంకెవరికి బిగించావు? ఆ మనిషి దగ్గరికి పోయి మాట్లాడండి. ఆరు నెలలు నడిపినవాడు పది నిమిషాల్లో చెప్పేది ఏ వీడియోలోనూ ఉండదు. బిల్లు మీద కిట్టు మోడలు, వాట్లు, కొలతలు రాయించుకోండి. రాయనంటే కారణం ఉండే ఉంటుంది.

కొందరు కిట్టు జోలికే పోకూడదు. రోజూ నలభై కిలోల పైన బరువు మోసేవాళ్ళు, పాల క్యాన్లవాళ్ళు, పోనూ రానూ ముప్ఫై కిలోమీటర్లు దాటేవాళ్ళు పాత టీవీఎస్ ఎక్స్ఎల్ మోపెడ్ ఒకటి వెతుక్కోవడం మేలు. 2015 నుంచి వస్తున్న ఎక్స్ఎల్ 100 ఫోర్‌స్ట్రోక్‌ది. రిజిస్ట్రేషను ఉంటుంది, బ్రేకులు ఆ బరువుకు చేసినవి, విడిభాగాలు మూడు ఊళ్ళలోనూ దొరుకుతాయి. కిట్టు, చక్రం, బ్రేకులు, బిగింపు కూలీ అన్నీ కూడితే ధరలో తేడా మీరు అనుకున్నంత ఉండకపోవచ్చు. ముందు అది కూడి చూసుకోండి.

కిట్టే కొన్నారనుకుందాం. అదే రోజు స్పేర్లు కూడా కొనండి. పెట్రోలుదైతే ప్లగ్గు, క్లచ్ కేబులు, హెడ్ గ్యాస్కెట్, చైను లింకు, నాలుగు పుల్లలు. బ్యాటరీదైతే థ్రాటిలు, బ్రేకు లివరు, ఫ్యూజులు, వీలైతే ఇంకో కంట్రోలరు. ఇవి ఇంట్లో ఉంటే పదిరోజుల నిలుపుదల ఒక సాయంత్రం పని అవుతుంది.

మొదటి వంద కిలోమీటర్లు ఇంటి చుట్టుపక్కలే తిప్పండి, బరువు వేయకండి. రెండో రోజు, తర్వాత వారానికోసారి ఇంజను పట్టీల నట్లు, సిలిండరు హెడ్డు నట్లు, ఇరుసు నట్లు పానాతో తిప్పి చూడండి. కొత్త ఇంజను అదురుకు అవి వదులవుతూనే ఉంటాయి. పుల్లలను వేళ్ళతో మీటి చూడండి, ఒకటి వదులుగా మోగితే ఆ రోజే బెండు తీయించండి. ఎర్రమట్టి దారైతే గాలి ఫిల్టరు స్పాంజిని నెలకు రెండుసార్లు సబ్బు నీళ్ళలో ఉతికి ఆరబెట్టండి. రాత్రి షిఫ్టు నుంచి వచ్చేవాళ్ళు వెనక ఎర్ర దీపం, రిఫ్లెక్టరు బిగించుకోండి, హెల్మెట్టు పెట్టుకోండి. చట్టం అడగని బండికి కూడా లారీవాడికి కనబడాల్సిన అవసరం ఉంది.